రొయ్యల చెరువుల్లో బెడద నాచు: గుర్తించే తీరు, తొలగించే పద్ధతులు

ఉప్పునీటి రొయ్యల సాగులో అనుభవం ఉన్న రైతు గట్టు మీద నిలబడి నీటి రంగు చూసే చెరువు పరిస్థితి చెప్పేస్తాడు. ఆ రంగును ఇచ్చేది నీటిలో పెరిగే నాచే. అది మితంగా ఉంటే రొయ్యకు ఆక్సిజన్, నీడ, లేత పిల్లకు మేత దొరుకుతాయి. అదుపు తప్పితే తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలతాయి. ఒక్క రాత్రిలో నాచు మొత్తం చనిపోతే మూడు నెలల కష్టం, పెట్టుబడి పోయే ప్రమాదం ఉంది.

చాలామంది రైతులు నాచు కనబడగానే మందు కోసం దుకాణానికి వెళ్తారు. ఏ రకం నాచో తెలుసుకోకుండా మందు చల్లితే మేలు కన్నా కీడే ఎక్కువ. చెరువులో ఏ నాచు ఉందో గట్టు మీదే తేలిగ్గా గుర్తించడం, దాన్ని రొయ్యకు హాని కలగకుండా తొలగించడం, మళ్లీ రాకుండా చూసుకోవడం ఈ వ్యాసంలో తెలుసుకుందాం. ఇందులోని సూచనలు ప్రధానంగా వనామీ సాగు చేసే చిన్న, సన్నకారు రైతులను దృష్టిలో పెట్టుకుని ఇస్తున్నవి.

మేలు చేసే నాచు, కీడు చేసే నాచు

నాచు అంతా చెడ్డది కాదు. డయాటమ్‌లు, క్లోరెల్లా వంటి పచ్చ ప్లవకాలు చెరువుకు మేలు చేస్తాయి. డయాటమ్‌లు ఎక్కువగా ఉంటే నీరు లేత గోధుమ లేదా టీ రంగులో ఉంటుంది. పచ్చ ప్లవకాలు ఉంటే లేత ఆకుపచ్చగా ఉంటుంది. ఇవి పగలు ఆక్సిజన్ విడుదల చేస్తాయి, నీటిలోని అమ్మోనియాను పీల్చుకుంటాయి. ఎండ అడుగుకు తగలకుండా నీడ కూడా ఇస్తాయి. ఆ నీడ వల్ల అడుగున పాచి, దారపు నాచు పెరగవు.

బెడద తెచ్చేవి నీలి ఆకుపచ్చ నాచు, దారపు నాచు, అడుగు పాచి, ఎర్ర ప్లవకాలు, యూగ్లీనా. నీలి ఆకుపచ్చ నాచు పేరు వరి రైతులకు కొత్త కాదు. గాలిలోని నత్రజనిని స్థిరీకరించే కొన్ని రకాలను వరి పొలంలో జీవన ఎరువుగా వాడతారు. పొలంలో మేలు చేసే ఆ గుణమే రొయ్యల చెరువులో ఇబ్బంది. నీటిలో నత్రజని తగ్గినప్పుడు మిగతా నాచు ఆగిపోతుంది కానీ ఈ రకాలు ఆగవు.

నాచు ఎందుకు పెరుగుతుంది?

ఎరువు లేకుండా పైరు పెరగనట్టే పోషకాలు లేకుండా నాచు పెరగదు. చెరువులోకి పోషకాలు ఎక్కువగా వచ్చేది మేత నుంచే. దీన్ని చిన్న లెక్కతో చూద్దాం.

- 35 శాతం మాంసకృత్తులున్న మేత రోజుకు 100 కిలోలు వేస్తే అందులో నత్రజని 5.6 కిలోలు.
- అందులో రొయ్య ఒంటికి పట్టేది సాధారణంగా మూడో వంతుకు మించదు. మిగిలిన 3.7 కిలోలు విసర్జన రూపంలో, తినని మేత రూపంలో నీటిలోనే ఉంటుంది.
- యూరియాలో నత్రజని 46 శాతం. అంటే రోజూ చెరువులో 8 కిలోల యూరియా చల్లినట్టే.

మేతలోని భాస్వరం కూడా ఎక్కువ భాగం నీటిలో, అడుగు మట్టిలో చేరుతుంది. కల్చర్ 60 రోజులు దాటాక నాచు బలంగా పెరగడానికి కారణం ఇదే. చెక్ ట్రేలో మేత మిగులుతున్నా తగ్గించని చెరువుల్లో ఈ సమస్య మరింత ముందే మొదలవుతుంది.

పోషకాలతో పాటు మరికొన్ని పరిస్థితులు కూడా నాచుకు కలిసివస్తాయి.

- నీటి లోతు తక్కువగా ఉండి, నీరు తేటగా ఉంటే ఎండ అడుగును తాకుతుంది. దారపు నాచు, అడుగు పాచి వస్తాయి.
- ఎండాకాలంలో వేడి నీరు, ఎక్కువ పీహెచ్, నత్రజనితో పోలిస్తే భాస్వరం ఎక్కువగా ఉండడం నీలి ఆకుపచ్చ నాచుకు అనుకూలం.
- ఉప్పదనం తక్కువగా ఉన్న బోరు నీటితో సాగు చేసే చెరువుల్లో నీలి ఆకుపచ్చ నాచు బెడద ఎక్కువ. పశ్చిమ గోదావరి, కృష్ణా ప్రాంతాల్లోని లోతట్టు చెరువుల రైతులు దీన్ని గుర్తుంచుకోవాలి.
- గత పంట నల్లమట్టి తీయకుండా మళ్లీ నీరు పెడితే పోషకాలు మొదటి రోజు నుంచే సిద్ధంగా ఉంటాయి.

రోజూ చూడవలసిన నాలుగు గుర్తులు

నాచు ముదిరాక చూడడం కంటే పెరుగుతున్నప్పుడే పసిగట్టాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు.

1. నీటి పారదర్శకత: 20 సెం.మీ. వెడల్పున్న గుండ్రటి పళ్లేన్ని నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు రంగులు వేయాలి. దానికి సెం.మీ. గుర్తులున్న తాడు కట్టి నీటిలో దించాలి. ఇదే సెక్కీ డిస్క్. ఉదయం 10, 11 గంటల మధ్య దించి, కనుమరుగయ్యే లోతు రాసుకోవాలి. 30 నుంచి 40 సెం.మీ. ఉంటే మంచిది. 25 కన్నా తగ్గితే నాచు చిక్కబడుతున్నట్టు. 50 దాటితే అడుగున పాచి పెరిగే అవకాశం ఉంది.

2. పీహెచ్: ఉదయం 6 గంటలకు ఒకసారి, మధ్యాహ్నం 3 గంటలకు ఒకసారి చూడాలి. రెండింటి మధ్య తేడా 0.5 లోపు ఉండాలి. నాచు ఎక్కువైతే పగలు బొగ్గుపులుసు వాయువును లాగేసుకుంటుంది కాబట్టి మధ్యాహ్నం పీహెచ్ బాగా పెరుగుతుంది. పీహెచ్ పెరిగితే అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది. 30 డిగ్రీల వేడి దగ్గర పీహెచ్ 8 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషపూరిత భాగం పది శాతం లోపే ఉంటుంది. పీహెచ్ 9కి చేరితే అది మూడో వంతు దాటుతుంది.

3. ఆక్సిజన్: నాచు పగలు ఆక్సిజన్ ఇచ్చినా రాత్రి రొయ్యతో పాటు అదీ వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున 3 నుంచి 6 గంటల మధ్య ఆక్సిజన్ అతి తక్కువగా ఉంటుంది. ఆ సమయంలో లీటరుకు 4 మి.గ్రా. కన్నా తగ్గకుండా చూసుకోవాలి.

4. నురగ, వాసన: ఏరియేటర్ల దగ్గర నురగ వెంటనే విరిగిపోతే మంచిది. జిగటగా, చాలాసేపు విరగకుండా ఉంటే నాచు చనిపోవడం మొదలైందని అనుమానించాలి.

ఈ నాలుగూ ఒక నోటు పుస్తకంలో తేదీ వారీగా రాసుకోవాలి. ఒక్క రోజు అంకె కన్నా వారం రోజుల వరస ఎక్కువ విషయం చెబుతుంది.

ఏ నాచో గుర్తించడం ఎలా?

ముందుగా అది నాచా, బురదా తేల్చుకోవాలి. గాజు గ్లాసులో నీరు పట్టి కొన్ని గంటలు కదపకుండా ఉంచితే మట్టి చాలావరకు అడుగుకు చేరి పైన తేరుకుంటుంది. రంగు అలాగే ఉంటే అది నాచు. ఆ తర్వాత కింది గుర్తులు చూడాలి.

నీలి ఆకుపచ్చ నాచు: నీరు ముదురు ఆకుపచ్చగా, పెయింటు కలిపినట్టు కనిపిస్తుంది. మధ్యాహ్నానికి గాలి తోసే మూలలో ఆకుపచ్చ మీగడ పేరుకుంటుంది. కర్రతో ఎత్తితే పోగులు రావు, కర్రకు రంగు పూసినట్టు అంటుకుంటుంది. తొలకరి జల్లుకు తడిసిన మట్టి వాసన వస్తుంది. ఈ వాసన రొయ్య మాంసానికి పడితే కొనుగోలుదారులు వద్దంటారు.

దీనికి సీసా పరీక్ష కూడా ఉంది. తెల్లని సీసాలో ముప్పావు వంతు చెరువు నీరు పట్టి నీడలో 2 గంటలు కదపకుండా ఉంచాలి. మూతి దగ్గర ఆకుపచ్చ వలయం కడితే నీలి ఆకుపచ్చ నాచు ఉన్నట్టు. అయితే ఆసిలటోరియా వంటివి అన్నివేళలా తేలవు. అనుమానం ఉంటే ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద చూపించాలి. ఆసిలటోరియాను తిన్న రొయ్యల పేగు లోపలి పొర దెబ్బతింటుంది, మేత తినడం తగ్గుతుంది.

దారపు నాచు: జుట్టులా, పచ్చని దారపు పోగుల్లా గట్టు వార, తూముల దగ్గర, ఏరియేటర్ తాళ్లకు పట్టి పెరుగుతుంది. కర్రతో ఎత్తితే పోగులు వేలాడతాయి. ఇందులో లేత పిల్లలు చిక్కుకుంటాయి, మేత అడుగుకు చేరదు, ఏరియేటర్ రెక్కలకు చుట్టుకుని మోటార్లు కాలిపోతాయి. ఇది పోషకాలను లాగేస్తుంది కాబట్టి నీరు మరింత తేటబడి ఇంకా పెరుగుతుంది.

అడుగు పాచి: లాబ్-లాబ్ అని పిలిచేది ఇదే. డయాటమ్‌లు, నీలి ఆకుపచ్చ నాచు, బ్యాక్టీరియా కలిసి చాపలా అల్లుకుని నేలకు అంటుకుని ఉంటుంది. ఎండ ఎక్కాక దానిలో ఆక్సిజన్ బుడగలు చేరి, ముక్కలుగా ఊడి మధ్యాహ్నం పైకి తేలుతుంది. రాత్రికి మళ్లీ మునుగుతుంది. మునిగిన ముక్కలు గుట్టలుగా చేరిన చోట కుళ్లి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. పిల్ల వేసిన మొదటి నెలలో ఎక్కువగా కనిపించేది ఇదే.

ఎర్ర ప్లవకాలు: డైనోఫ్లాజెల్లేట్లు అనే ఇవి పెరిగితే నీరు ఎర్రటి గోధుమ రంగుకు మారుతుంది. కొన్ని రకాలు రాత్రిపూట మెరుస్తాయి. వీటిని మెరిసే విబ్రియో బ్యాక్టీరియాతో పొరబడకూడదు. చీకట్లో నీటిని చేత్తో కదిపినప్పుడే మిణుగురుల్లా మెరిసి ఆరిపోతే ఎర్ర ప్లవకాలు. కదపకపోయినా నీరు, రొయ్యల ఒళ్లు నిలకడగా వెలుగుతుంటే బ్యాక్టీరియాను అనుమానించి వెంటనే ల్యాబ్‌కు పంపాలి. రెండింటికీ చికిత్స వేరు.

యూగ్లీనా: నీటి పైన పలుచని పొరలా, నూనె పోసినట్టు పరుచుకుంటుంది. కొన్ని రకాలు ఎండలో ఎర్రగా, నీడలో ఆకుపచ్చగా రంగు మారతాయి. కుళ్లే పదార్థం ఎక్కువైన చెరువుకు ఇది సూచన. కోళ్ల ఎరువు వాడిన చెరువుల్లో, ఉప్పదనం తక్కువ ఉన్నచోట ఎక్కువగా కనిపిస్తుంది.

తొలగించే పద్ధతులు

ముందుగా ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఎకరం చెరువులో మీటరు లోతు నీరు ఉంటే అది సుమారు 4,000 ఘనపు మీటర్లు. కాబట్టి ఏ పదార్థమైనా 1 పీపీఎం అంటే 4 కిలోలు. లోతు 1.25 మీటర్లుంటే 5 కిలోలు. ఎవరు ఏ మోతాదు చెప్పినా మన చెరువు లోతుతో లెక్క కట్టుకున్నాకే వాడాలి.

రెండో సూత్రం, నాచును ఒక్కసారిగా చంపకూడదు. చచ్చిన నాచు కుళ్లేటప్పుడు ఆక్సిజన్‌ను తినేస్తుంది, అది పీల్చుకున్న అమ్మోనియా అంతా తిరిగి నీటిలోకి వస్తుంది. చేత్తో తీసిన నాచు పోషకాలతో సహా బయటకు పోతుంది. చంపి వదిలేసిన నాచు చెరువులోనే ఉండి తర్వాతి నాచుకు ఎరువవుతుంది.

దారపు నాచుకు:
- చేత్తో, పంజాతో లేదా వెదురు కర్రకు చుట్టి తీయించాలి. రోజుకు చెరువులో నాలుగో వంతు మేరకే తీయాలి. ఒక్కసారే తీస్తే అడుగు బురద రేగి రొయ్య ఒత్తిడికి గురవుతుంది.
- తీసే సమయంలో ఏరియేటర్లు నడపాలి. మేత వేసే వేళ, తెల్లవారుజామున ఈ పని పెట్టుకోకూడదు.
- తీసిన నాచును నీటి అంచున జాడించి చిక్కుకున్న రొయ్యలను వదలాలి.
- నాచును గట్టు మీద పోయరాదు. వాన పడితే ఆ పోషకాలు తిరిగి చెరువులోకే వస్తాయి. దూరంగా గుంట తీసి పూడ్చాలి. ఉప్పు ఉంటుంది కాబట్టి పొలాలకు వాడరాదు.
- నీటి లోతు 1.2 మీటర్లకు పెంచాలి. నీటికి మళ్లీ లేత రంగు వచ్చేలా చూసుకోవాలి. తవుడు, బెల్లం, ఈస్ట్ కలిపి పులియబెట్టిన ద్రావణాన్ని వడకట్టి, రంగు చూసుకుంటూ కొద్దికొద్దిగా పోయవచ్చు. రంగు రాకపోతే తీసిన నాచు వారం పది రోజుల్లో మళ్లీ వస్తుంది.

అడుగు పాచికి:
- మధ్యాహ్నం తేలిన ముక్కలను గాలి తోసే మూలలో చేతి వలతో ఎత్తివేయాలి. రాత్రి మునిగిపోతాయి కాబట్టి సాయంత్రం లోపే పూర్తి చేయాలి.
- లోతు పెంచడం, నీటికి రంగు తెప్పించడం ఇక్కడా ముఖ్యం.
- పాచి పేరుకున్న చోట మేత వేయరాదు.

నీలి ఆకుపచ్చ నాచుకు:
- మూలకు చేరిన మీగడను గాలి దిశ మారకముందే చేతి వలకు పలుచని గుడ్డ కట్టి తీసేయాలి. తూములో పై పలక తీసి పై నీటిని వదిలే వీలుంటే అదే సులువు.
- మేతను 20 నుంచి 30 శాతం తగ్గించాలి. నాచుకు తిండి మేతే కాబట్టి అన్నిటికన్నా ముందు చేయవలసిన పని ఇది. చెక్ ట్రేలు చూసుకుంటూ తిరిగి పెంచాలి.
- రిజర్వాయర్ చెరువులో తేర్చి, శుద్ధి చేసిన నీరు ఉంటే రోజుకు 5 నుంచి 10 శాతం మార్చాలి. ఎక్కువ ఉప్పదనం ఉన్న నీరు దొరికితే కొద్దికొద్దిగా కలపడం వల్ల మంచినీటి రకాలు తగ్గుతాయి.
- బెల్లం లేదా మొలాసిస్ ఇస్తే మేలు చేసే బ్యాక్టీరియా పెరిగి అమ్మోనియాను వాడుకుంటుంది. 1 కిలో అమ్మోనియా నత్రజనికి సుమారు 20 కిలోల పిండిపదార్థం కావాలని లెక్క. దీన్ని ఒకేసారి వేయరాదు. ఎకరానికి 10 కిలోలకు మించకుండా, ఉదయం పూట, విడతలుగా ఇవ్వాలి. ఇది కూడా ఆక్సిజన్‌ను వాడుకుంటుంది కాబట్టి ఏరియేటర్లు చాలని చెరువులో, మబ్బు రోజున వేయకూడదు.
- డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్, కోళ్ల ఎరువు పూర్తిగా ఆపాలి.
- ఆ మీగడలో కొన్ని రకాలు విషం విడుదల చేస్తాయి. పశువులను ఆ నీరు తాగనీయకూడదు. పని అయ్యాక చేతులు, కాళ్లు సబ్బుతో కడుక్కోవాలి.

ఎర్ర ప్లవకాలకు: కాలువ నీరు ఎర్రగా ఉన్నా, రాత్రి మెరుస్తున్నా కొత్త నీరు తోడరాదు. రిజర్వాయర్‌లోని తేరిన నీటితో విడతలుగా మార్చాలి. మేత తగ్గించి, రాత్రంతా ఏరియేటర్లు నడపాలి.

యూగ్లీనా పొరకు: ఇద్దరు మనుషులు చెరువుకు ఇరువైపులా నిలబడి, తేలే తాడుకు పలుచని గుడ్డ కట్టి నెమ్మదిగా లాగితే పొర ఒక మూలకు చేరుతుంది. అక్కడ తీసేయాలి. సెంట్రల్ డ్రెయిన్ ఉంటే అడుగు మురికిని రోజూ వదలాలి.

నాచు ఒక్కసారిగా చనిపోతే

రైతుకు అసలు నష్టం తెచ్చేది ఈ దశే. రెండు మూడు రోజులు ముసురు పట్టినా, వాయుగుండం వానలు కురిసినా, ఎవరైనా మందు ఎక్కువ వేసినా నాచు ఒకేసారి చనిపోతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో కోస్తా రైతులు మరింత జాగ్రత్తగా ఉండాలి.

గుర్తులు: పచ్చటి నీరు ఒక్క రోజులో తేటబడడం లేదా పాలిపోయిన గోధుమ రంగుకు మారడం, ముక్కలు ముక్కలుగా తెట్టు తేలడం, మధ్యాహ్నం పీహెచ్ పెరగకపోవడం, పగలు కూడా ఆక్సిజన్ తక్కువ ఉండడం.

చేయవలసినవి, ఇదే వరుసలో:
1. ఉన్న ఏరియేటర్లన్నీ వెంటనే ఆన్ చేయాలి. కరెంటు పోతే నడిచేలా జనరేటర్‌లో డీజిల్ సిద్ధంగా ఉంచాలి.
2. ఆ రోజు మేత ఆపాలి. మర్నాడు ఆక్సిజన్ చూసుకుని సగం మేతతో మొదలుపెట్టాలి.
3. చచ్చిన తెట్టును మూలల్లో తీసివేయాలి.
4. వాన నీరు పైపొరగా నిలిస్తే పై తూము ద్వారా వదలాలి.
5. అమ్మోనియా, నైట్రైట్ వరుసగా 3, 4 రోజులు పరీక్షించాలి. నాచు చనిపోయిన రోజు కన్నా తర్వాతి రోజుల్లో అమ్మోనియా ఎక్కువగా ఉంటుంది.
6. ఆల్కలినిటీ 100 పీపీఎం కన్నా తక్కువ ఉంటే సరిచేయాలి. వ్యవసాయ సున్నం పీహెచ్ 8.3 దాటిన నీటిలో సరిగా కరగదు. కాబట్టి పీహెచ్ తక్కువగా ఉండే రాత్రి లేదా తెల్లవారు వేళ వేయాలి. పీహెచ్ ఎక్కువగా ఉంటే సోడియం బైకార్బొనేట్ మేలు.
7. తిరిగి రంగు తెప్పించడానికి పక్క రైతు చెరువు నుంచి నీరు తేవద్దు. నీటితో పాటు తెల్లమచ్చ, ఈహెచ్‌పీ వంటి జబ్బులు వస్తాయి. మన రిజర్వాయర్ నీటినే వాడాలి.

ఇవి చేయకండి

- గ్లైఫోసేట్, అట్రజిన్, డైయూరాన్ వంటి కలుపు మందులు చెరువులో చల్లరాదు. పొలానికి తయారు చేసిన మందు చెరువులో వేస్తే రొయ్యకు హాని, అవశేషాలు తేలితే సరుకు తిరస్కరిస్తారు.
- కాపర్ సల్ఫేట్ నాచును చంపుతుంది కానీ రొయ్యకూ విషమే. ఆల్కలినిటీ తక్కువ ఉన్న నీటిలో మరీ ప్రమాదం. రాగి అడుగు మట్టిలో పేరుకుంటుంది. నిపుణుల సలహా లేకుండా వాడరాదు.
- బీకేసీ వంటి శానిటైజర్లను నీరు పలచబరచడానికి చెరువంతా ఒకేసారి వాడరాదు. ప్రోబయోటిక్ వేసిన మూడు నాలుగు రోజుల్లో శానిటైజర్ వేస్తే రెండు ఖర్చులూ వృథా.
- పీహెచ్ ఎక్కువగా ఉన్నప్పుడు కాల్చిన సున్నం, తడి సున్నం వేయరాదు. పీహెచ్ ఇంకా పెరిగి అమ్మోనియా విషం ఎక్కువవుతుంది.
- సాయంత్రం పూట, మబ్బు రోజున ఏ నాచు మందూ వాడరాదు.

మళ్లీ రాకుండా ముందు జాగ్రత్తలు

- పంట పట్టాక చెరువును నేల నెర్రెలిచ్చే వరకు ఎండగట్టాలి. నల్లమట్టిని తీసి గట్టు అవతల వేయాలి. దారపు నాచు ఎండిన పోగులు కూడా ఏరివేయాలి. తడి తగిలితే అవే మళ్లీ చిగురిస్తాయి.
- నీరు పెట్టేటప్పుడు సన్నని ఫిల్టర్ సంచులు కట్టాలి. పిల్ల వేసేనాటికే నీటికి రంగు రావాలి, లోతు 1.2 మీటర్లు ఉండాలి.
- రొయ్యల బరువును బట్టి ఏరియేటర్లు ఉండాలి. ప్రతి 400 నుంచి 500 కిలోల రొయ్యలకు 1 హెచ్‌పీ లెక్కన చూసుకోవాలి. ఎన్ని ఏరియేటర్లు పెట్టగలమో దాన్ని బట్టే ఎంత పిల్ల వేయాలో నిర్ణయించుకోవడం చిన్న రైతుకు క్షేమం.
- రిజర్వాయర్‌కు కొంత స్థలం వదలాలి. అందులో పాలబొంత, కత్తిపరిగ చేపలు పెంచితే పాచి, నాచు తింటాయి.

రైతులు తరచూ అడిగే సందేహాలు

నీరు ఎంత పచ్చగా ఉంటే అంత మంచిదంటారు, నిజమేనా?
కాదు. చిక్కటి పచ్చ నీటిలో పగలు ఆక్సిజన్ ఎక్కువ కనిపించినా రాత్రికి పడిపోతుంది. 30 నుంచి 40 సెం.మీ. పారదర్శకత ఉన్న లేత రంగే మేలు.

పగలు ఆక్సిజన్ బాగా ఉంటే ఏరియేటర్లు ఆపవచ్చా?
నాచు చిక్కగా ఉన్న చెరువులో మధ్యాహ్నం కూడా కొన్ని ఏరియేటర్లు నడపాలి. పైన ఆక్సిజన్ ఎక్కువగా, అడుగున తక్కువగా ఉంటుంది. రొయ్య ఉండేది అడుగునే. నీరు కలిస్తేనే అడుగుకు ఆక్సిజన్ అందుతుంది.

పట్టుబడికి వారం ముందు నీలి ఆకుపచ్చ నాచు వస్తే?
మందు జోలికి పోకుండా మేత తగ్గించి, మీగడ తీసి, కొన్ని రొయ్యలు ఉడికించి రుచి చూడాలి. మట్టి వాసన ఉంటే నీరు మార్చి కొన్ని రోజులు ఆగి మళ్లీ రుచి చూడాలి. వాసన పోయాకే పట్టాలి. ఆక్సిజన్ నిలవక ఆగడం ప్రమాదమనిపిస్తే మాత్రం కొంత సరుకు ముందుగా పట్టి చెరువు మీద భారం తగ్గించుకోవాలి.

నీటి రంగులో అనుమానం కలిగిన రోజే ఉదయం పూట శుభ్రమైన సీసాలో లీటరు నీరు పట్టి, వేడి తగలకుండా దగ్గరలోని ఆక్వా ల్యాబ్‌కు తీసుకెళ్లి నాచు రకం, పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా పరీక్ష చేయించాలి. మత్స్యశాఖ గ్రామ స్థాయి సిబ్బంది, ఎంపెడా, నాక్సా క్షేత్ర సిబ్బంది సలహా ఇస్తారు. రొయ్యల జబ్బులు, నీటి యాజమాన్యంపై చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ సూచనలు కూడా రైతులకు అందుబాటులో ఉన్నాయి. పరీక్ష ఫలితం చేతికి వచ్చేదాకా మేత తగ్గించడం, ఏరియేటర్లు నడపడం ఆపకండి. ఈ రెండు పనుల వల్ల ఏ రకం నాచు ఉన్నా చెరువుకు నష్టం జరగదు.